జనవరిలో షికాగో: ప్రయాణం మానకండి, పట్టిక మార్చండి

టికెట్లు రద్దు చేసుకోకండి. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతా విషయాల్లోకి వస్తాను.

రాజమహేంద్రవరం నుంచి మీరు, మీ వారు, అరవై రెండేళ్ల మీ అత్తగారు జనవరి రెండో వారంలో షికాగో వస్తున్నారు. ఐదు రోజులు ఉంటారు. ముగ్గురికీ అమెరికా కొత్త, మంచు కొత్త. కారు లేదు. సంక్రాంతి పూట ఇల్లు వదిలి ఆ గడ్డకట్టే ఊరికి వెళ్లడం ఏమిటని చుట్టాలు తలా ఒక మాట అంటున్నారు. అసలు బయట తిరగగలమా, ఏం వేసుకోవాలి, ఏం చూడాలి అన్నది మీ ప్రశ్న. ఈ ఊళ్లో చాలా చలికాలాలు గడిపినవాడిగా, చలికాలంలో వచ్చిన బంధువులను ఊరంతా తిప్పినవాడిగా చెబుతున్నాను: తిరగగలరు. అయితే జూలైలో వచ్చినవాళ్లు రాసుకున్న పట్టికను పట్టుకుని, పైన ఒక కోటు తొడుక్కుంటే చాలనుకుని బయలుదేరితే మాత్రం రెండో రోజుకే హోటల్ గదిలో ముసుగు తన్ని పడుకుంటారు. వేసవిలో షికాగోను నడుస్తూ చూస్తారు. చలికాలంలో ఒక వెచ్చని చోటు నుంచి ఇంకో వెచ్చని చోటికి చేరుతూ చూడాలి. మధ్యలో బయట ఉండేది పది, పదిహేను నిమిషాలే. ఈ లెక్కకు ఒప్పుకుంటే మిగతాదంతా సులువు.

చలి ఎంత ఉంటుందంటే, జనవరిలో పగటి ఉష్ణోగ్రత సగటున సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాత్రి మైనస్ 7, మైనస్ 8 దగ్గర ఉంటుంది. మీ చుట్టాలు ఫోనులో చూపించి భయపెడుతున్న వీడియోలు బహుశా 2019 జనవరి 30 నాటివి. ఆ రోజు ఉదయం మైనస్ 31 నమోదైంది. ఊరి రికార్డు 1985 జనవరి 20 నాటి మైనస్ 33. అవి అరుదైన రోజులు. అదే జనవరిలో 8, 10 డిగ్రీలకు పెరిగి, మంచంతా కరిగి, వీధులు చిత్తడిగా మారే రోజులూ ఉంటాయి. మీ వాటాకు ఏది వస్తుందో నాలుగైదు రోజుల ముందు తప్ప తెలియదు. అందుకే ఏ రోజు ఏది చూడాలో ఇంటి దగ్గరే ఖాయం చేసుకోకండి. చూడవలసినవి రాసుకోండి, రోజులు మాత్రం ఇక్కడికి వచ్చాక పంచుకోండి.

ఇక్కడ వాతావరణ సూచన ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. 32 అంటే మన సున్నా. కానీ మీరు చూడవలసింది మొదటి అంకె కాదు, దాని పక్కన విండ్ చిల్ అని ఇచ్చే రెండో అంకె. గాలి కలిస్తే ఒంటికి ఎంత చల్లగా తగులుతుందో చెప్పే లెక్క అది. సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ ఉన్న రోజు గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28లా తగులుతుంది. కప్పుకోని ముక్కు, చెవులు, వేళ్లు అరగంటలో దెబ్బతింటాయి. నా పద్ధతి చెబుతాను: రెండో అంకె సెల్సియస్‌లో మైనస్ 10 దాకా ఉంటే పెద్దవాళ్లతో కలిసి నిదానంగా నడుస్తాను. మైనస్ 20 దగ్గరకు దిగితే రెండు వీధులకైనా టాక్సీ పిలుస్తాను. ఇంకా దిగితే ఆ రోజు ఒకే ఒక్క మ్యూజియం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

ఇంకో సంగతి కొత్తవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. మంచు కురిసే రోజుకు అంతగా భయపడనక్కర్లేదు. మబ్బు కమ్మి ఉన్నప్పుడు నేల వేడి పూర్తిగా పోదు, గాలి కూడా తరచు మెత్తబడుతుంది. ఆ మబ్బు వెళ్లిపోయాక కెనడా వైపు నుంచి పొడి చలిగాలి దిగుతుంది. ఆకాశం నీలంగా తళతళలాడుతుంది, ఎండ కాస్తుంది, కిటికీలోంచి చూస్తే ఎంతో హాయిగా కనిపిస్తుంది. అసలు కొరికే చలి ఆ రోజుదే. ఎండ చూసి మఫ్లరు గదిలో వదిలి వెళ్లకండి.

ఇక బట్టలు. బరువైన కోటును రాజమండ్రిలో కొనకండి, హైదరాబాద్‌లోనూ కొనకండి. అక్కడ దొరికేవి సిమ్లా చలికి సరిపోతాయి కాబోలు, షికాగోను ఆనుకుని ఉన్న మిషిగన్ సరస్సు గాలికి ఆగవు. లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని స్వెటర్లు మాత్రం తెచ్చుకోండి. అవి పెట్టెలో కాదు, విమానంలో చేతి సంచిలో ఉండాలి. పెట్టె ఒక రోజు ఆలస్యమైనా మీ ఒంటి మీద ఏదో ఒకటి ఉంటుంది. ఇక్కడ జనవరిలో చలికోట్లు తగ్గింపు ధరలకు అమ్ముతారు, ఎందుకంటే దుకాణాలు అప్పటికే వసంతకాలపు సరుకు దించుకునే తొందరలో ఉంటాయి. డౌన్‌టౌన్‌లో స్టేట్ స్ట్రీట్ మీద టార్గెట్ అనే పెద్ద దుకాణం ఉంది. అది లూయిస్ సలివన్ అనే వాస్తుశిల్పి కట్టిన 1899 నాటి భవనం. మూల మీది గుమ్మం చుట్టూ అల్లిన ఇనుప లతలు చూడడానికే ఎందరో వస్తారు. కోటు కొన్నట్టూ ఉంటుంది, ఊళ్లోని గొప్ప కట్టడాల్లో ఒకటి చూసినట్టూ ఉంటుంది. కోటు తొడల కిందికి రావాలి, తలకు టోపీ కుట్టి ఉండాలి. నడుము దగ్గర ఆగిపోయే జాకెట్ ఫొటోలకు బాగుంటుంది, అంతే.

కోటు కన్నా ముఖ్యం బూట్లు. అడుగున పట్టు ఉండాలి, నీళ్లు లోపలికి రాకూడదు. వీధి మలుపుల దగ్గర, రోడ్డు దాటే చోట, బూడిద రంగు మంచు గట్టిగా కనిపిస్తుంది. అడుగు వేస్తే చీలమండ దాకా చల్లటి నీళ్లు. తడిసిన సాక్సుతో ఆ రోజు ఇక ముగిసినట్టే. లావు ఉన్ని సాక్సు వేసుకుంటారు కాబట్టి బూట్లు అర సైజు ఎక్కువ తీసుకోండి. మీకు, మీ అత్తగారికి ఇంకో మాట: మెట్టెలు బిగుతు బూట్లలో నొక్కుకుని, గంట నడిచేసరికి వేళ్లు కమిలిపోతాయి. బూట్లు కొనేటప్పుడు మెట్టెలతోనే వేసుకుని చూడండి.

మీ అత్తగారు చీర తప్ప కట్టరని రాశారు. కట్టుకోనివ్వండి. చీర కింద థర్మల్ ప్యాంటు, పైన పొడవాటి కోటు ఉంటే చలికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది కుచ్చిళ్లతోనే. మంచు కరగడానికి వీధుల్లో ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు అంచుకు తగిలి తెల్లని చారలు పడతాయి, పైగా తడి అంచు కాళ్లకు చుట్టుకుంటుంది. చీలమండల పైకి ఎత్తి కట్టుకోమనండి. పట్టు చీరలు గుడికి వెళ్లే రోజుకు దాచుకోమనండి. తలకు మంకీ క్యాప్ తెచ్చుకుంటానంటే వద్దనకండి. ఇక్కడ జనవరిలో దాన్ని చూసి ఎవరూ నవ్వరు, అసూయపడతారు.

లోపల మాత్రం అంతా 21, 22 డిగ్రీల వెచ్చదనం. దుకాణంలోకి అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే చెమట పడుతుంది. ఆ చెమటతో మళ్లీ బయటికి వెళితే వణుకు పుడుతుంది. అందుకే ఒక లావు స్వెటర్ కంటే రెండు పలుచటివి మేలు, లోపలికి రాగానే ఒకటి తీసేయవచ్చు. పెద్ద మ్యూజియాల్లో కోటు అప్పగించే చోటు ఉంటుంది, వాడుకోండి. లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది. పెదవులు పగులుతాయి, ముక్కులో రక్తపు చార కనిపిస్తుంది, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాక్ కొడుతుంది. ఏదీ జబ్బు కాదు. నీళ్లు తాగుతూ ఉండండి, వాజలీన్ సంచిలో ఉంచండి. కొబ్బరినూనె సీసా తెస్తే సంచిలోనే గడ్డకడుతుంది. ఫోను బయటి జేబులో పెట్టుకుంటే 40 శాతం ఛార్జి ఉన్నా చలికి హఠాత్తుగా ఆగిపోతుంది. కోటు లోపలి జేబులో ఉంచండి.

హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబిల మీదుగా షికాగో వచ్చే విమానాలు ఓహేర్ విమానాశ్రయంలో టెర్మినల్ 5 దగ్గర దింపుతాయి. ఆవకాయ తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకు, పళ్లు, మాంసం తేకూడదు. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాచితే జరిమానా వేస్తారు. అక్కడి నుంచి ఉచిత రైలులో పాత టెర్మినళ్ల వైపు వెళితే కింద బ్లూ లైన్ అనే నగర రైలు స్టేషన్ ఉంటుంది. రోజంతా, రాత్రంతా నడుస్తుంది, ముప్పావుగంటలో డౌన్‌టౌన్ చేరుస్తుంది. టాక్సీ ఖర్చులో చిన్న భాగం కూడా కాదు. అయినా వచ్చిన రోజు టాక్సీయే ఎక్కమంటాను. ముగ్గురు మనుషులు, ఆరు పెట్టెలు, నిద్రలేమి, ఇంకా కొనని కోటు. ఆ రోజు పొదుపు చేయకండి. తిరుగు ప్రయాణానికి బ్లూ లైన్ వాడుకోండి. క్లార్క్ అండ్ లేక్ స్టేషన్‌లో లిఫ్టు ఉంది.

హోటల్ మిలీనియం పార్క్ చుట్టుపక్కలే చూడండి. జనవరి, ఫిబ్రవరి ఇక్కడ గదులు చవక దొరికే కాలం. మీకు శ్రావణమాసపు బంగారం ధరలా భయపెట్టే అద్దెలు వేసవివి. కాకపోతే కనిపించే ధర మీద 17 శాతం పైనే పన్ను పడుతుందని గుర్తుంచుకోండి. ఆ ప్రాంతంలో పెడ్‌వే అని భూగర్భ నడక దారి ఉంది. మొత్తం సుమారు ఐదు మైళ్లు, నలభై వీధి గడుల కింద అల్లుకుని ఉంటుంది. స్టేషన్లు, దుకాణాలు, ఆఫీసులు, సిటీ హాల్ నేలమాళిగలను కలుపుతుంది. గదిలోంచి నేరుగా పెడ్‌వేలోకి దిగగలిగే హోటళ్లు కొన్ని ఉన్నాయి. బుక్ చేసే ముందు అడిగి చూడండి, కొంచెం ఎక్కువైనా ఇవ్వవచ్చు. అయితే పెడ్‌వే ఒక తిన్నని సొరంగం కాదు. ఒకచోట మెరిసే పాలరాయి, ఇంకోచోట కారు పార్కింగ్ వెనక గోడ. బోర్డులు మధ్యలో మాయమవుతాయి. పైగా అది ఆఫీసుల వేళలను బట్టి తెరిచి ఉంటుంది. శని, ఆదివారాల్లో, రాత్రిపూట చాలా తలుపులు మూసి ఉంటాయి.

ఇప్పుడు చూడవలసినవి. నన్ను ఒకే రోజు ఎంచుకోమంటే కల్చరల్ సెంటర్, మిలీనియం పార్క్, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, ఈ మూడే చెబుతాను. మూడూ మిషిగన్ అవెన్యూ మీద, ఒకదాని నుంచి ఇంకొకటి కొద్ది నిమిషాల నడక. కల్చరల్ సెంటర్ 1897లో ఊరి గ్రంథాలయంగా కట్టింది. పైఅంతస్తులో టిఫనీ గాజు గోపురం ఉంది, 38 అడుగుల వెడల్పు. చలికాలపు మసక వెలుగులో కూడా ఆ గాజు నిగనిగలాడుతుంది. ప్రవేశం ఉచితం, కూర్చోవడానికి బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయి. బయట తిరిగి వేళ్లు కొయ్యబారినప్పుడల్లా దూరిపోవడానికి ఇంతకన్నా మంచి చోటు డౌన్‌టౌన్‌లో లేదు.

వీధి దాటితే మిలీనియం పార్క్‌లో క్లౌడ్ గేట్, అద్దంలా మెరిసే పెద్ద శిల్పం. మన ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ చేసినది. 168 స్టీలు పలకలను అతుకు కనిపించకుండా కలిపారు, బరువు సుమారు 100 టన్నులు. వేసవిలో దాని ముందు జనం వరసలు కడతారు. జనవరి ఉదయం ఎనిమిదిన్నరకు వెళితే మీరు ముగ్గురే ఉండవచ్చు. పైన మంచు పేరుకుని, కింద సగంలో భవనాల నీడలు వంగి కనిపిస్తాయి. నా దృష్టిలో దాన్ని చూడవలసిన కాలం ఇదే. దాని కిందనే ఐస్ రింక్. ముందుగా ఆన్‌లైన్‌లో సమయం తీసుకుంటే ప్రవేశం ఉచితం, స్కేట్లకు మాత్రం అద్దె. మీరిద్దరూ పడుతూ లేస్తూ ప్రయత్నించండి. మీ అత్తగారు పైనుంచి చూసి నవ్వుకుంటారు. ఆవిడను మాత్రం దింపకండి.

అక్కడి నుంచి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు. గుమ్మానికి రెండు వైపులా 1894 నుంచి కాపలా కాస్తున్న కంచు సింహాలు కనిపిస్తాయి. ఈ భవనంలోనే 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు సర్వమత మహాసభలో ప్రసంగించాడు. అప్పటి సభాస్థలి ఇప్పుడు లేదు, ఆ ప్రాంతంలో ఫులర్టన్ హాల్ ఉంది. భవనం ముందు మిషిగన్ అవెన్యూ భాగానికి స్వామి వివేకానంద పేరును గౌరవార్థం పెట్టారు. బోర్డు వెతికి ఫొటో తీసుకోండి, ఇంటి దగ్గర అందరికీ అదే కావాలి. లోపల సూరా చుక్కలతో గీసిన 'లా గ్రాండ్ జాట్' ఆదివారం, హాపర్ 'నైట్‌హాక్స్', గ్రాంట్ వుడ్ 'అమెరికన్ గోతిక్' చిత్రాలు చూడకుండా రాకండి. ఆసియా విభాగంలో నాగపట్టణం నుంచి వచ్చిన 12వ శతాబ్దపు నల్లరాతి బుద్ధుడు ధ్యానంలో కూర్చుని ఉంటాడు. ఎదుటి బల్ల మీద కాసేపు కూర్చోండి. మీ అత్తగారికి మాత్రం నేలమాళిగలోని థోర్న్ గదులు చూపించండి. ఒక అడుగుకు ఒక అంగుళం లెక్కన చేసిన 68 చిన్న చిన్న గదులు. కుర్చీలు, తివాచీలు, దీపపు స్తంభాలు, బల్ల మీద పుస్తకాలు, అన్నీ వేలెడంత. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంటి నుంచి వచ్చిన ఆవిడ అక్కడ గంటకు ముందు కదలరు. ఆవిడను తొందరపెట్టకండి. ఈ మ్యూజియానికి వారం మధ్యలో సెలవులు ఉంటాయి, రోజు చూసుకుని వెళ్లండి. ఉచిత ప్రవేశ దినాలు అని ఎక్కడైనా కనిపిస్తే ఆశపడకండి, అవి సాధారణంగా ఇలినాయ్ రాష్ట్రవాసులకే. గుర్తింపు కార్డు అడుగుతారు.

రెండో పెద్ద రోజు ఫీల్డ్ మ్యూజియానికి ఇవ్వండి. సూ అనే టైరనోసారస్ డైనోసార్ అస్థిపంజరం ఇక్కడే ఉంది. 1990లో సౌత్ డకోటాలో దొరికింది, సుమారు 90 శాతం ఎముకలు అసలువే, 40 అడుగుల పొడవు. 1997లో వేలంలో 83 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. పక్కనే షెడ్ అక్వేరియం, కొంచెం అవతల ఆడ్లర్ ప్లానెటోరియం. ఒకే రోజు రెండిటికి టికెట్లు కొనాలన్న ఆశ మీ వారికి కలుగుతుంది, ఆపండి. ఆడ్లర్ దగ్గర నిలబడితే సరస్సుకు అవతల ఊరంతా ఒకే చూపులో కనిపిస్తుంది, ఊళ్లో అంత మంచి దృశ్యం ఇంకోటి లేదు. అంత గాలి వీచే చోటూ ఇంకోటి లేదు. టాక్సీని రెండు నిమిషాలు ఆపి, దిగి, చూసి, ఫొటో తీసుకుని మళ్లీ ఎక్కేయండి.

మూడోది చాలామంది వదిలేసేది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: గార్ఫీల్డ్ పార్క్ కన్జర్వేటరీ. 1908లో జెన్స్ జెన్సెన్ రూపకల్పనలో తెరిచిన గాజు తోట. బయట మైనస్ 10, తలుపు తోయగానే తడి మట్టి వాసన, అరటి చెట్లు, చెరకు, తలెత్తి చూడవలసిన తాటి జాతి చెట్లు. కళ్లద్దాలు, కెమెరా ఆవిరి పట్టి కాసేపు ఏమీ కనిపించదు. ఒకవేళ ఇంటి మీద బెంగ పుడితే ఆ రోజే తీసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో ముందే సమయం తీసుకోవాలి. గ్రీన్ లైన్ స్టేషన్ పక్కనే ఉంది. ఆ చుట్టుపక్కల వీధుల్లో చూడవలసినవి లేవు కాబట్టి పగటిపూట వెళ్లి, రైలు దిగి లోపలికి, మళ్లీ తిన్నగా రైలుకు వచ్చేయండి.

రైలు అంటే గుర్తొచ్చింది. డౌన్‌టౌన్ చుట్టూ వీధుల పైన ఇనుప స్తంభాల మీద తిరిగే రైలును ఇక్కడ ఎల్ అంటారు. ఆ చుట్టు 1897లో పూర్తయింది. అలసిన మధ్యాహ్నం బ్రౌన్ లైన్ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, చివరి స్టేషన్ కింబల్ దాకా వెళ్లి వెనక్కి రండి. నది దాటుతుంది, భవనాల మూడో అంతస్తు కిటికీల పక్క నుంచి పోతుంది, తర్వాత ఇటుక ఇళ్ల పెరళ్లు, మంచు కప్పిన మెట్లు కనిపిస్తాయి. పడవ విహారాలు జనవరిలో చాలా తక్కువ. ఆ లోటును ఈ రైలు చాలావరకు తీరుస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఎర్రగా వెలిగే వేడి దీపాలు ఉంటాయి. మీట నొక్కితే కాసేపు వెలుగుతాయి. వాటి కింద మనుషులతో పాటు పావురాలూ చేరతాయి. రాత్రి బాగా పొద్దుపోయాక మాత్రం ఖాళీ పెట్టెలో ఎక్కకండి, జనం ఉన్న పెట్టెనే చూసుకోండి.

విల్లిస్ టవర్ టికెట్ ముందుగా కొనకండి. 442 మీటర్ల ఆ భవనం 1998 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. దాని నిర్మాణ ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజలుర్ రహ్మాన్ ఖాన్. అంతా బాగానే ఉంది కానీ మబ్బు కిందికి దిగిన రోజు 103వ అంతస్తు నుంచి కనిపించేది తెల్లని గోడ. ఆ రోజు మధ్యాహ్నం ఆకాశం చూసి నిర్ణయించుకోండి. మీరు వచ్చే వారంలో సూర్యాస్తమయం సాయంత్రం 4.40 ప్రాంతంలో ఉంటుంది. నాలుగింటికి పైకి చేరితే పగటి వెలుగులో గడ్డకట్టిన సరస్సు అంచులు, తర్వాత దీపాలు వెలిగిన ఊరు, రెండూ ఒకే టికెట్‌తో చూస్తారు. ఇంత తొందరగా చీకటి పడడం జనవరి ఇచ్చే చిన్న లాభం. సరస్సులోకి చొచ్చుకుపోయిన నేవీ పియర్ మాత్రం ఈ కాలంలో వదిలేయండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. లోతు పళ్లెంలో మందంగా కాల్చే డీప్ డిష్ పిజ్జా, పిజ్జేరియా ఊనో అనే ఇక్కడి హోటల్లో 1943లో మొదలైందంటారు. పాలకూర వేసినది శాకాహారులకు దొరుకుతుంది. కాలడానికి ముప్పావుగంట పడుతుంది, ఒక ముక్కతో కడుపు నిండుతుంది. మీ అత్తగారికి నచ్చుతుందని నేను మాట ఇవ్వలేను. ఇడ్లీ, సాంబారు కావాలంటే ఉత్తరాన డెవాన్ అవెన్యూ ఉంది. మన సరుకులు అమ్మే పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం 1974లో ఆ వీధిలోనే తెరిచారు. రెడ్ లైన్‌లో లొయోలా దాకా వెళ్లి 155 బస్సు ఎక్కాలి. బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో ఫోనులో చూసుకుని అప్పుడే దుకాణంలోంచి బయటికి రండి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండేది నేపర్‌విల్, అరోరా వైపు. అరోరాలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. సంక్రాంతికి అక్కడికి వెళ్లాలని ఉంటే యూనియన్ స్టేషన్ నుంచి మెట్రా రైలులో గంట పైన ప్రయాణం, దిగాక టాక్సీ. శని, ఆదివారాల్లో రైళ్లు తక్కువ. హోటల్ భోజనాల బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వాలి. దుకాణాల్లో రాసిన ధర మీద 10 శాతం పైనే పన్ను పడుతుంది.

జాగ్రత్తలు మూడే. నల్లగా తడిగా కనిపించే కాలిబాట నిజానికి పలుచటి మంచు పొర కావచ్చు. చేతులు జేబుల్లోంచి తీసి, చిన్న అడుగులు వేయండి. ఎత్తైన భవనాల కింద మంచు పడుతుందని హెచ్చరిస్తూ బోర్డులు పెడతారు. అవి అలంకారానికి కాదు, అవతలి వైపుకు మారండి. సరస్సు ఒడ్డున గడ్డకట్టినట్టు కనిపించే మంచు తిన్నెల మీద అడుగు పెట్టకండి, వాటి కింద బోలుగా ఉంటుంది, నీళ్లు ఉంటాయి. ఒడ్డు మీద నుంచే చూడండి. ముగ్గురికీ ప్రయాణ వైద్య బీమా తప్పనిసరి. జారిపడి మణికట్టు విరిగితే ఇక్కడి ఆసుపత్రి బిల్లు మీ విమాన టికెట్లను దాటిపోతుంది.

కారు అద్దెకు తీసుకుందామా అని చివర్లో అడిగారు. వద్దు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా చాలా ప్రధాన వీధుల్లో రాత్రి 3 నుంచి ఉదయం 7 వరకు కారు నిలపకూడదు. మంచు పడినా పడకపోయినా లాక్కుపోతారు. ఇక ఇళ్ల మధ్య వీధుల్లో, మంచు తవ్వి చోటు చేసుకున్నవాళ్లు అక్కడ పాత కుర్చీ, ఇస్త్రీ బల్ల, ఒకసారి నేను చూసినట్టు సత్యనారాయణ వ్రతానికి వాడే పీట లాంటిదేదో కూడా పెట్టి పోతారు. చట్టం ఒప్పుకోదు, ఊరు ఒప్పుకుంటుంది. ఆ కుర్చీ జరిపి కారు పెట్టినవాడి అద్దాలకు హామీ ఉండదు.

పెద్ద తుపాను వస్తే ఏమిటంటారా, 2011 ఫిబ్రవరిలో 21 అంగుళాల మంచు పడి, సరస్సు ఒడ్డున సాగే లేక్ షోర్ డ్రైవ్ రోడ్డు మీద వందల కార్లు చిక్కుకుపోయాయి. అలాంటి సూచన ఉంటే ముందు రోజే పాలు, రొట్టె, పళ్లు గదిలో పెట్టుకోండి. రోడ్లు మాత్రం తొందరగానే శుభ్రం చేస్తారు. 1979లో మంచు తీయించలేకపోయిన మేయర్ బిలాండిక్‌ను ఓడించి జేన్ బర్న్‌ను గెలిపించిన ఊరు ఇది. అప్పటి నుంచి ఏ మేయరూ మంచుతో ఆటలాడలేదు. విమానాల మాట వేరు, అవి ఒక రోజు ఆగిపోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఇక్కడి నుంచి ఇంకో అమెరికా నగరానికి వెళ్లి అక్కడ విమానం మారవలసి ఉంటే, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉండేలా టికెట్ ఇప్పుడే మార్చుకోండి. ఇంకా వ్యవధి ఉంది కాబట్టి అదనపు ఖర్చు తక్కువే అవుతుంది.